చుక్క పడని బండి

జూన్ పదకొండో తేదీ, బుధవారం. ఆ ఉదయం వెంకటరామారావు రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని, కొత్త ఆవకాయ నంజుకుని తిన్నాడు. ఆవకాయ పంపింది పుష్పలత. ముక్క ఇంకా ఊరలేదు, ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది. అయినా ఆయనకు వంక పెట్టబుద్ధి కాలేదు. భార్య భారతమ్మ పోయి నాలుగేళ్లయిన ఇంట్లో, ఎవరో ఒకరు తనకోసం ఉప్పు ఎక్కువ వేయడం కూడా దయలాగే కనిపిస్తుంది.

ఆ రోజు పని పెద్దదేమీ కాదు. బండి పైకప్పుకు ఆఖరి పూత నిన్ననే వేశాడు. ఇవాళ నీళ్లు పోయించి ఎక్కడైనా కారుతుందేమో చూడాలి. కారకపోతే ఆదివారం పుష్పలతను ఎక్కించుకుని గోదావరి ఒడ్డుకు వెళ్లాలి. వాన పడితే మరీ మంచిది. వాన పడాలనే ఆయన కోరుకుంటున్నాడు.

పినపాక దాటాక అడవి మొదలయ్యే చోట ఉందా ఊరు. పుష్పలత అక్కడి దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది, క్వార్టరు ఇంకా ఖాళీ చేయలేదు. భర్త పోయి చాలా కాలమైంది. ఫిజిక్సు లెక్చరరుగా రిటైరైన వెంకటరామారావు, వేసవిలో ఒక సాయంత్రం ధైర్యం కూడగట్టుకుని, మిగిలిన రోజులు కలిసి గడుపుదామా అని ఆమెను అడిగాడు. ఆమె వెంటనే కాదనలేదు, అవుననలేదు.

"మీ ఇంటికైతే నేను రాను సారూ. అది భారతమ్మ మేడం ఇల్లు. గోడగోడకు ఆమెనే ఉంటది" అంది. "ఇగ నా సంగతంటరా, పుట్టినకాన్నుంచి కారని కప్పు కింద పండుకోలే. పుట్టింట్ల తాటాకు, అత్తింట్ల పెంకులు, కొలువొచ్చినంక క్వార్టర్సు. వానొస్తే గిన్నెలు పెట్టుడే బతుకైంది. మీరేదో బండి మీద ఇల్లు కడ్తనంటిరి గద, అది కట్టుండ్రి. వానల నన్ను తీస్కపోండ్రి. ఒక్క చుక్క నా మీద పడకపోతే అప్పుడు చెప్త."

ఆమె సగం నవ్వుతూనే అంది. ఆయన మాత్రం పూర్తిగా విన్నాడు. ప్రేమ గురించి ఆయనకు పెద్దగా తెలియదు కానీ షరతు ఉన్నచోట పని ఎలా మొదలుపెట్టాలో తెలుసు.

ముందు డ్రైవరు క్యాబిన్, వెనక సామాను తొట్టి ఉన్న పాత ట్రాలీ బండి ఒకటి కొన్నాడు. దాని వెనక భాగంలో మందపాటి థర్మోకోల్ పలకలను గోడలుగా నిలబెట్టి, మీద డేరా గుడ్డ అతికించాడు. గుడ్డ రాంబాబు టెంట్ హౌస్‌లో కొన్నది. పలక ఒక్కటే అయితే విరుగుతుంది, గుడ్డ ఒక్కటే అయితే ఎగురుతుంది, రెండూ జిగురుతో కలిస్తే చెక్కలా నిలబడతాయి. అంతవరకూ బాగానే సాగింది. అతుకుల్లోకి నీరు దిగకుండా ఆయిల్ పెయింటులో థిన్నరు కలిపి పూశాడు. మర్నాడు చూస్తే గుడ్డ ఉంది కానీ గుడ్డ వెనక గోడ లేదు. థిన్నరు థర్మోకోల్‌ను చక్కెర కరిగినట్టు కరిగించేసింది.

"నేను చెప్పింది ఫిజిక్సు. ఇది కెమిస్ట్రీ" అన్నాడు వంటమనిషి కొండమ్మతో.

"మరి కెమిస్ట్రీ సారును పిల్వకపోయిన్రు?" అంది కొండమ్మ.

రెండోసారి జాగ్రత్తపడ్డాడు. వడ్రంగి జిగురు నీళ్లలో పలచన చేసి గుడ్డ నేతలోని సందులన్నీ పూడేదాకా పట్టించాడు. మూలలకు గుడ్డ పట్టీలు వేశాడు. అంతా ఆరాక, స్లాబు లీకులకు పూసే రబ్బరు రంగు పూత మీద పూత వేశాడు. ఆ రంగు దుకాణంలో తెలుపు ఒక్కటే దొరికింది. కిటికీ పెడితే చుట్టూ అతుకులొస్తాయి, అతుకుంటే కారుతుంది కాబట్టి కిటికీ మానేశాడు. వెనక ఒక్క తలుపు. లోపల ఒక మనిషి నడుం వాల్చేంత చెక్కబల్ల. కొత్త బండికి దిష్టి తగలకూడదని కొండమ్మ ముందు నుంచి వెనక దాకా పూలదండ చుట్టింది. పూర్తయిన బండిని చూసి వెంకటరామారావు తృప్తిపడ్డాడు. అది దూరం నుంచి ఎలా కనిపిస్తుందో చూడాలని ఆయనకు తోచలేదు.

ఇక పరీక్ష. చుక్క ఎక్కడ పడిందో తెలియాలంటే కింద తెల్లగుడ్డ ఉండాలి. ఆయన బల్ల మీద వెల్లకిలా పడుకుని, ఉతికిన పంచెను తల నుంచి కాళ్ల దాకా కప్పుకున్నాడు. కొండమ్మ నిచ్చెనెక్కి పైపుతో కప్పు మీద నీళ్లు పడుతోంది. లోపల వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. పంచె మీద తడి తగలలేదు. ఆయన కళ్లు మూసుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, కదలకుండా ఆ చప్పుడు వింటున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయనకు హాయిగా ఉంది.

అప్పుడు రాంబాబు తన నిచ్చెన తీసుకుపోవడానికి వచ్చి, సారెక్కడున్నాడా అని వెనక తలుపు తీశాడు.

"అయ్యో సారూ!" అని అరిచాడు.

"అరవకు. ట్రయల్ చూస్తుండు" అంది పైనుంచి కొండమ్మ.

రాంబాబు షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలతో పాటు చనిపోయినవాళ్లను పడుకోబెట్టే ఫ్రీజరు పెట్టె కూడా కిరాయికి ఇస్తాడు. తెల్లటి పెట్టె, కిటికీ లేదు, గోడలకు థర్మోకోల్, ఒక్కరు పట్టే బల్ల, చుట్టూ పూలదండ, లోపల తెల్లగుడ్డ కింద మనిషి. రాంబాబు వ్యాపారంలో దీనికి ఒకటే అర్థం.

"మనిషి సరిగ్గ పడ్తుండా సారూ?"

"పడుతున్నా రాంబాబూ. కాళ్లు కూడా చాపుకోవచ్చు" అన్నాడు వెంకటరామారావు పంచె కిందనుంచి.

"లోపల సల్లగుంటదా?"

"అందుకే కదా థర్మోకోల్. ఎండాకాలంలో కూడా చెడదు." అన్నం, కూరల గురించి అన్నాడాయన.

"ఎవరి కోసం సారూ గింత కష్టం?"

వెంకటరామారావు లేచి కూర్చున్నాడు. ముఖం వేడెక్కింది. "ఉంది... ఒకామె" అన్నాడు.

రాంబాబు భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. గొంతు మారింది. "నాకు సమజైంది సారూ. భారతమ్మ మేడమే గద. ఆ రోజు వానల మేడంను ట్రాక్టర్ల కాటికి తీస్కపోయినం. టార్పాలిన్ కట్టింది నేనే. గాలికి లేషిపోయింది. మేడం మొత్తం తడిసింది. నేనే మర్వలే, మీరెట్ల మరుస్తరు?"

కాదు అనడానికి వెంకటరామారావు నోరు తెరిచాడు. కానీ ఆ ట్రాక్టరు నిజం. ఆ వాన నిజం. ఎదురుగా కళ్లు తుడుచుకుంటున్న రాంబాబు కూడా నిజమే. ఇన్ని నిజాల మధ్య కూర్చున్న ఒక్క అబద్ధాన్ని చెవి పట్టుకుని బయటికి లాగడం ఆయనకు చేతకాలేదు. తల ఊపాడు. అడ్డంగా ఊపాడో నిలువుగా ఊపాడో ఆయనకే తెలియదు. రాంబాబుకు తెలిసింది.

మధ్యాహ్నానికల్లా పంచె భుజాన వేసుకుని బండి దిగుతున్న సారు ఫోటో అందరి ఫోన్లలోకీ చేరింది. "భార్య జ్ఞాపకార్థం ఊరికి వైకుంఠ రథం. కరెంటు అక్కర లేని థర్మోకోల్ టెక్నాలజీ. మన సారుకు జోహార్లు!" అని కింద రాసి ఉంది. జోహార్లు చూసి పాత విద్యార్థులు కొందరు సారే పోయాడనుకుని ఆత్మకు శాంతి కోరారు. సాయంత్రం ఇద్దరు దండ పట్టుకుని వచ్చారు. సారు వరండాలో కూర్చుని బెండకాయలు తరుగుతుంటే చూసి, కాస్త నిరాశపడి, టీ తాగి వెళ్లిపోయారు. దండ మాత్రం వెనక్కి తీసుకుపోవడం బాగుండదని బండికి తగిలించారు.

ఆ వెంటనే విజయవాడ నుంచి కూతురు సాయిప్రియ ఫోను చేసింది. ఏడుస్తోంది.

"నాన్నా, అమ్మ పోయినప్పుడు నువ్వు ఏడవలేదు. నాకు నీ మీద లోపల్లోపల కోపంగా ఉండేది. ఇవాళ పోయింది నాన్నా."

"అమ్మా, ఆ బండి సంగతి..."

"ఏం చెప్పకు. నాకర్థమైంది. మా అత్తగారికి కూడా చూపించాను. ఆవిడ మా మావగారి వంక చూసిన చూపు నువ్వు చూడాల్సింది."

కూతురి కోపం పోవడం చిన్న వరమేమీ కాదు. దాన్ని చేతులారా తిరిగి ఇచ్చేయడానికి ఆ పూట ఆయనకు మనసొప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాడు.

మర్నాడు రాంబాబు స్టిక్కర్లు చేయించుకుని వచ్చాడు. బండికి రెండు వైపులా నిలువెత్తు భారతమ్మ, కింద "కీ.శే. భారతమ్మ గారి జ్ఞాపకార్థం" అని పెద్ద అక్షరాలు. నీటినే అంటనివ్వని రంగు కదా, స్టిక్కరు అంటదేమోనని వెంకటరామారావు ఒక్క క్షణం ఆశపడ్డాడు. అది ముడత లేకుండా అతుక్కుంది. "ఆదివారం సభ పెడ్తున్నం సారూ. షామియానా ఫ్రీ" అన్నాడు రాంబాబు.

వెంకటరామారావు చెప్పులేసుకుని గబగబా పుష్పలత క్వార్టరుకు నడిచాడు. ఆయన కంటే ముందే స్టిక్కర్ల ఫోటో ఆమె ఫోనుకు చేరింది. ఆమె ఆయన్ను లోపలికి రమ్మనలేదు. గేటు మీద చెయ్యి వేసి అక్కడే నిలబడింది.

"ముఖం మీద చెప్తే అయిపోవు గద సారూ."

"ఏం చెప్పాలి?"

"నన్నొద్దని. గా ఒక్క మాటకు ఊరందరితోని చెప్పియ్యాల్నా? మీ ఇంటికి రానంటి. మీరు చేసిందేదన్న చూపియ్యమంటి. మీరేమో బండికి రెండు దిక్కుల మేడంను నిలవెట్టిస్తిరి. ఇగ నేనేడ కూసోవాలె, మేడం భుజం మీదనా?"

ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. పంచె సంగతి దగ్గర ఆమెకు నవ్వొచ్చింది. కొండమ్మ ట్రయల్ అన్నదాకా వచ్చేసరికి గేటు పట్టుకుని నవ్వింది. తల ఊపిన సంగతి దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

"మరి కాదని చెప్పలేదేంది?"

"నోరు రాలేదు పుష్పలత గారూ."

"నిచ్చెన కోసం వచ్చినోనికే నోరు రాకపాయె. రేపు నా గురించి మీ బిడ్డ అడిగితే వస్తదా?"

ఆయన అన్నాడు: "ఆదివారం సభలో మైకు ఇస్తారు. అందరి ముందూ నిజం చెప్తాను. మీరు ముందు వరుసలో కూర్చోండి. మిమ్మల్ని చూస్తూ చెప్తాను."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. "వస్త" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన ఇంటిదాకా వచ్చాడు.

ఆదివారం పొద్దుటినుంచే మబ్బు కమ్మింది. షామియానా కింద జనం బాగానే చేరారు. పులిహోర పొట్లాలున్నాయని ముందే చెప్పి ఉంచారు. వెంకటరామారావుకు శాలువా కప్పి, మెడలో దండ వేసి, భారతమ్మ ఫోటో పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఫోటోకూ అదే రకం దండ. దూరం నుంచి చూసేవాళ్లకు ఇద్దరిలో ఎవరికి నివాళో తెలియడం లేదు. ఒక పెద్దమనిషి లేచి, "పెండ్లాం మీద ప్రేమతోని రాజులు రాళ్లతో కట్టిండ్రు, అవి ఉన్నకాడ్నే ఉన్నయి. మన సారు చక్రాల మీద కట్టిండు, ఏడికి పిలిస్తే గాడికి వస్తది!" అన్నాడు. చప్పట్లు మోగాయి. పుష్పలత ముందు వరుసలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మైకు ఆయన చేతికొచ్చింది.

"అందరికీ నమస్కారం. ఒక నిజం చెప్పాలి. ఈ బండిని నేను నా భార్య కోసం చేయలేదు."

పక్కనున్న రాంబాబు చటుక్కున రెండో మైకు అందుకుని, "ఊరి కోసం చేసిండు!" అని అరిచాడు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

"ఊరి కోసం కూడా కాదు" అన్నాడాయన చప్పట్లు ఆగాక. పుష్పలత వైపు చూశాడు. "ఈ బండిని నేను..."

ఆమె ఫోను మోగింది. ఆమె చెవి దగ్గర పెట్టుకుని విని, లేచి నిలబడింది.

"సారూ, జర ఆపుండ్రి. గుట్టల అవతలి గూడెం పగిడయ్య పోయిండట. దవాఖానా వరండాల పండవెట్టిండ్రు. ఆయన పెండ్లాం జంపక్క ఒక్కతే ఉన్నది. వాగొస్తదని ఏ బండాయనా కదుల్తలేడు."

వెంకటరామారావు మైకు వదల్లేదు. జీవితంలో మొదటిసారి నోరొచ్చింది. "ఒక్క మాట. ఒక్క మాట చెప్పేసి..." అన్నాడు.

"సచ్చినాయన ఆగుతడు సారూ. వాగు ఆగది" అంది పుష్పలత.

అప్పుడే షామియానా మీద తొలి చినుకులు పడ్డాయి. రాంబాబు బండి ముందు కొబ్బరికాయ కొట్టాడు.

దవాఖానా దగ్గర పగిడయ్యను బండిలోని బల్ల మీద పడుకోబెట్టి తెల్లగుడ్డ కప్పారు. జంపక్క ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. తలుపు వేశాక పుష్పలత ముందు వైపు వచ్చి డ్రైవరు పక్క సీటులో కూర్చుంది. "ఆడిమనిషి తోడుండాలె" అంది, ఎవరో అడిగినట్టు.

ఎన్నో రోజులుగా ఆయన ఊహించుకున్న దృశ్యమే అది. స్టీరింగు దగ్గర తాను, పక్కన పుష్పలత, అద్దం మీద వాన, రెండు వైపులా టేకు చెట్లు. ఊహలో లేనిది వెనకున్న మనిషొక్కడే.

ఊరు దాటాక వాన గట్టిపడింది. మొదటి చుక్క పుష్పలత భుజం మీద పడింది. రెండోది సరిగ్గా పాపిట మీద పడింది. ఆ తర్వాత ధారే.

వెంకటరామారావు పైకి చూశాడు. వెనక గది క్యాబిన్‌కు ఆనుకోవడానికి అడ్డమొస్తోందని, క్యాబిన్ కప్పు మీద సామాను పెట్టే ఇనుప చట్రాన్ని ఆయనే పీకేశాడు. దాని బోల్టుల రంధ్రాలు అలాగే ఉండిపోయాయి. రాత్రీ పగలూ కారని గది గురించే ఆలోచించినవాడు, తాను కూర్చునే చోటికి కూడా కప్పుంటుందని మరచిపోయాడు. గదికి పూసినన్ని పూతల్లో ఒక్క చెంచాడు రంగు చాలు, ఆ రంధ్రాలు పూడిపోయేవి.

"ఆపనా?" అన్నాడు.

"వాగు" అంది ఆమె. కొంగు నెత్తిన వేసుకుంది. కొంగు తడిసింది. ఆయన తన శాలువా తీసి ఇచ్చాడు. అది తడవగానే ఎర్రరంగు వదిలింది. ఆమె బుగ్గ మీదుగా ఆ రంగు కారుతుంటే, తుడవడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

వాగు ఇంకా పొంగలేదు. గూడెంలో నలుగురు ఎదురొచ్చారు. తలుపు తీస్తే లోపల గుడ్డ మడత కూడా చెదరకుండా పగిడయ్య ఉన్నాడు. జంపక్క ఆ గుడ్డను ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేత్తో తడిమింది.

"ఒక్క సుక్క పడలే సారు. మా గుడిసెల వానకాలం ఈయన గింత పొడిగ ఎన్నడూ పండుకోలే" అంది.

దించుకున్నాక ఆమె వానలోనే బండి పక్కకు వచ్చింది. స్టిక్కరు మీది భారతమ్మ పాదాలను తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుంది. "సల్లగుండు తల్లీ" అంది. పుష్పలత చూసింది. వెంకటరామారావు, ఆమె చూడటాన్ని చూశాడు.

తిరిగొచ్చేటప్పుడు వాగు దాటాక ఆయన అన్నాడు: "రేపు రాంబాబుకు చెప్పేస్తాను. సాయిప్రియకు కూడా చెప్తాను. ఆ ఫోటోలు పీకించేస్తాను."

"జంపక్క మొక్కింది సారూ. ఇగ దాన్ని పీకుతరా మీరు?"

ఆయన గేరు మార్చాడు. బండికి ఆ అవసరం లేదు.

"మీరు చెప్పినా ఊరు మిమ్మల్నేమనది" అంది ఆమె మెల్లగా. "పాపం, మగమనిషి, ఒక్కడైపోయిండు అంటది. నన్నే అంటది. పెండ్లాం పేరు మీద ఊరికిచ్చిన బండిని గీ నర్సమ్మ గుంజుకున్నదంటది. ఇంటికి రానంటి, అది మేడందని. ఇప్పుడు బండి సుత మేడందే అయింది."

"వేరే బండి చేస్తాను."

ఆమె నవ్వింది. కోపం లేదందులో. ఆశ కూడా లేదు. "సచ్చినాయన మీద సుక్క పడలే. బతికున్నదాన్ని తడిసి ముద్దైన. ఇంతకన్న ఏం పరీచ్చ చేస్తరు సారూ?"

"ముందు కప్పు రేపే పూస్తాను."

"పూయుండ్రి. రోజూ పోవుడు ఉంటదిగ మీకు."

అదే సమయానికి రాంబాబు ఫోను చేశాడు. "సారూ, పక్కూర్ల ఒక ముసలామె సీరియస్ ఉన్నదట. రేపు పొద్దుగాల మీరు ఖాళీయేనా అని అడుగుతున్నరు" అన్నాడు. వెంకటరామారావు ఖాళీయేనన్నాడు.

దీపాలు పెట్టే వేళకు క్వార్టరు ముందు బండి ఆగింది. పుష్పలత దిగి లోపలికి వెళ్లింది. గిన్నెలు అటూ ఇటూ జరుపుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆమె మళ్లీ గుమ్మంలోకి వచ్చి, చెయ్యి చాచి ఒక పొడి తువ్వాలు ఆయనకిచ్చింది.

"తల తుడ్సుకోండ్రి. జ్వరమొస్తది" అంది.

ఆయన తువ్వాలు అందుకున్నాడు. ఆమె చప్పుడు చేయకుండా తలుపు వేసుకుని, గడియ పెట్టుకుంది.

తువ్వాలు తిరిగి తెచ్చివ్వమని మాత్రం ఆమె అనలేదు.